రెండు బస్సుల దూరం

హైదరాబాదు, జులై 1983

ప్రియమైన అత్తయ్యగారికి, మీ మీనా నమస్కారాలు.

మీ అబ్బాయి పంతం నెగ్గింది. నల్లకుంటలో వాటా ఖాళీ చేసి ఊరి చివర కాలనీకి వచ్చేశాం. గదులు పెద్దవే, గాలీ వెలుతురూ ఉన్నాయి. పలకరించేవాళ్లే లేరు. అక్కడ కరివేపాకు కావాలంటే గోడ మీంచి చెయ్యి చాస్తే చాలు. ఇక్కడ ఎదురింటావిడ పేరేంటో కూడా తెలియదు. నాకు నచ్చకపోతే శ్రావణం వెళ్లాక పాత వాటాకే పోదామని ఆయన మాటిచ్చారు. వరలక్ష్మీవ్రతం పేరంటానికి ఎవరిని పిలవను? మీరే చెప్పండి.

మీ కోడలు,
మీనా

పాలకొల్లు, జులై 1983

చి. సౌ. మీనాకి, అత్తయ్య దీవెనలు.

కొట్లో కూర్చుని నీ ఉత్తరం చదువుతుంటే మీ మామయ్యగారు "ఎవరికేమైంది?" అని కంగారుపడ్డారు. నా ముఖం అలా ఉందట.

పేరంటానికి కబురంపి పిలవడం మన ఇంటా వంటా లేదు. స్వయంగా వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. నల్లకుంట వాళ్లే కావాలంటే కుంకుమభరిణె పట్టుకుని బస్సెక్కు. వాడు తీసుకెళ్తాడని కూర్చోకు. దారి తప్పితే అడుగు, నోరుంది కదా. వాళ్లు రెండు బస్సులు మారి వస్తారని మాత్రం ఆశపడకు. నువ్వు ఏ ఇంట్లో ఉన్నా నాకిష్టమే, ఒంటరిగా ఉండకపోతే చాలు.

ప్రేమతో,
బుజ్జమ్మ

హైదరాబాదు, ఆగస్టు 1983

ప్రియమైన అత్తయ్యగారికి,

నల్లకుంటలో ఇంటింటికీ వెళ్లి పిలిచాను. పోతూ పోతూ వేరే బస్సెక్కి సికింద్రాబాదు కూడా చూసొచ్చాను, నవ్వకండి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్నావిడ భరిణె చూసి, "పేరంటం ఎవరింట్లోనండి?" అన్నారు. మా ఇంట్లోనే అన్నాను. "మరి ఎదురింటిదాన్ని, నన్ను పిలవరేంటండి?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. బస్సులోనే బొట్టు పెట్టబోతే కుదుపుకి కుంకుమంతా ఆవిడ ముక్కు మీద పడింది. ఇద్దరికీ నవ్వాగలేదు. పేరు చిట్టెమ్మగారు, వాళ్లది కోరుకొండట. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కాలనీలో ప్రతి గుమ్మమూ ఎక్కించారు.

శుక్రవారం ఇల్లు నిండిపోయింది. నల్లకుంట నుంచి మా పాత ఇంటిగలావిడ శ్యామలాంబగారొక్కరే వచ్చారు. "నీ వాటా ఎవరికీ ఇవ్వలేదమ్మా, వచ్చేయ్" అన్నారు. ఇన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. లోపల చిట్టెమ్మగారు నేను చెప్పకుండానే అందరి కాళ్లకీ పసుపు రాస్తున్నారు. "అద్దెకిచ్చేయండి పిన్నిగారూ, నేనిక్కడే ఉంటాను" అన్నాను. శ్యామలాంబగారు తలూపారు.

సాయంత్రం ఆవిడను బస్సెక్కించడానికి వెళ్లాను. ఆవిడ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "వచ్చే ఏడు కూడా నన్ను పిలుస్తావా?" అని అడిగారు. పిల్లల్లేని మనిషి. వాటా ఖాళీగా ఉంచింది నా ఒక్కదాని కోసమే కాదని అప్పుడర్థమైంది. ఇంటిదాకా దిగబెట్టి వద్దామని నేనూ అదే బస్సెక్కి ఆవిడ పక్కన కూర్చున్నాను.

మీ
మీనా