హారతి పట్టిన ప్రింటర్

చాంపియన్ రీఫ్స్

చెల్లెలు వత్సలకు ఆశీస్సులు. చేత్తో రాసిన నీ ఉత్తరం అందింది. నీ ప్రింటర్ పాడుకాలేదు. బడివాళ్ల ప్రశ్నపత్రాల పని వేరే ప్రెస్సుకు పోనివ్వకు. ఆయుధపూజనాడు మా ఆఫీసులోనూ ఇదే జరిగింది. సాఫ్ట్‌వేర్ ఎక్కించకముందే గుమాస్తా గుండూరావు ప్రింటర్ కేబుల్ తగిలించాడు. "లైటు వెలగని మిషనుకు యాడన్నా హారతి ఇస్తారా అప్పా? ఇంగ కానీ" అన్నాడు. కంప్యూటర్ ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు బదులు వేరే తప్పు డ్రైవర్‌ను పట్టుకుంది, కాగితం నిండా పిచ్చిగీతలు వచ్చాయి. నువ్వూ పూజకు అలాగే చేసి ఉంటావు.

ముందు కేబుల్ ఊడదీయి. ఆ తప్పు డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యి. ప్రింటర్‌తో వచ్చిన సీడీ నుంచి సరైనదాన్ని కొత్తగా ఎక్కించు, అది అడిగినప్పుడే కేబుల్ తగిలించు. మాది అలాగే బాగైంది.

రాగి కోత మొదలైందా? అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? ఆ జవాబు చేత్తో రాయకు, ప్రింటర్లో తీసి పంపు.

అన్న అనంత్