అంగుళం దిగని అంబాసిడర్

ఆళ్లగడ్డ

ప్రియమైన తమ్ముడు బ్రహ్మానికి,

ఫోన్లో తిడితే మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. చించకుండా చదువు.

నాయన అంబాసిడర్‌ని నంద్యాల షెడ్డులో పెట్టి కిందికి దించుతున్నావట, చక్రాలు బయటికి తోయిస్తున్నావట! సరోజమ్మ పిన్ని చూసి చెప్పింది. "కుర్రోళ్లు చేసే పని మీ తమ్ముడు చేస్తాండాడు" అని ఒకటే నవ్వు. పోయేదాకా నాయన ఆ కారు మీద ఈగ వాలనిచ్చాడా? నలభై దాటినా నీకు బుద్ధి రాలేదు.

ఇంకో మాట. గోస్పాడులో నేను చెక్కిన ఆంజనేయుడి ప్రతిష్ఠకు నన్ను మళ్ళీ రమ్మనకు. నిరుడు పిన్ని కూతురు సౌమ్య పెళ్ళిలో నలుగురు నన్ను బస్తాను ఎత్తినట్టు కారులోంచి ఎత్తి చక్రాల కుర్చీలో పెట్టారు. ఊరంతా చూసింది. చచ్చినంత పనైంది. ఎత్తించుకుని ఇక ఎక్కడికీ రాను. ఫోటో పంపు, చాలు.

ఒక్కటే బాధ. పెద్ద విగ్రహాలను పడుకోబెట్టే చెక్కుతాం కదా. ఇన్నేళ్ళుగా ముఖాలు చెక్కుతున్నా, నా దేవుడు నిలబడి ఉండగా ఒక్కసారీ చూడలేదు.

నీ అక్క,
సుజాత

నంద్యాల

ప్రియమైన అక్కకు,

ఉత్తరం చదివి చెంపలేసుకున్నాను.

నువ్వనుకునేంత ఘోరం జరగలేదు. దించింది కొంచెమే. వెనక స్ప్రింగుల్లా బరువు మోసే కమాన్ కట్టల వంపు తగ్గించి, ముందు కూడా అంతే దించాం. చక్రానికీ అది బిగించే హబ్బుకూ మధ్య స్పేసర్లని లోహపు బిళ్ళలు వేసి, పొడుగు బోల్టులు బిగించారు. చక్రాలు ఎడంగా నిలబడ్డాయి. మెకానిక్ ఇమ్మానుయేలు మలుపుల్లో తోలి చూసి, "ఏందన్నా ఇది! ముందు గంగిరెద్దు మాదిరి ఊగేది, ఇప్పుడు కదలకుండా పోతాంది" అన్నాడు. కాళ్ళు ఆనించుకోలేని మనిషి కూర్చున్నా పక్కకు ఒరగదు.

ఎందుకు చేయించానో అడగకు. ఆదివారం కారుతో వస్తా. నిన్నెవరూ ముట్టుకోరు. నాయన మీద ఒట్టు.

నీ తిట్లు తిని బతికే తమ్ముడు,
బ్రహ్మం

నంద్యాల

ప్రియమైన అక్కకు,

ఆదివారం నీ ముఖం చూడలేకపోయాను. కుర్చీ నుంచి వెనక సీటు మీదికి వంతెనలా చెక్క పీట వేస్తే నీ అంతట నువ్వే జరిగి ఎక్కాలనే ఇదంతా చేయించాను. సీటు కుర్చీకి సమంగా రావాల్సింది, తీరా చూస్తే ఇంకా అంగుళం ఎత్తుంది. పీట ఏటవాలైంది. రెండుసార్లు జారి, "పోరా, పో" అని ముఖం తిప్పుకున్నావు. ఏడ్చావని తెలుసు.

ఎక్కడ తప్పిందో అర్థం కావడం లేదు. ఎవరూ కొనని నీ రాతి నందిని ఆళ్లగడ్డ నుంచి ఇక్కడి నా విగ్రహాల అంగడికి తెచ్చిన రోజు, బయల్దేరే ముందు సీటు ఎత్తు నీ టేపుతోనే కొలిచాను. ఆశపెట్టి అవమానించాను. గురువారం ప్రతిష్ఠ. ఇక రమ్మనను.

బ్రహ్మం

ఆళ్లగడ్డ

ప్రియమైన బ్రహ్మానికి,

డిక్కీలో నందిని పెట్టుకుని సీటు ఎత్తు కొలిచినవాడివి లోకంలో నువ్వొక్కడివేరా! నీ ఉత్తరం చదివి కడుపు పట్టుకుని నవ్వాను. ఆ బరువుకు కారు అప్పటికే కుంగి ఉంది. అందుకే ఫోన్ చేసి, "నందిని ఏసుకోని బేగా రా" అన్నాను.

అన్నీ చూసినవాడివే, అయినా రాస్తాను. రాస్తే గానీ నాకే నమ్మకం కుదిరేట్టు లేదు. పీట సమంగా నిలిచింది. చేతుల మీద బరువు వేసి జరిగాను. ఎక్కేశాను! నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డావు, ఒట్టు నిలుపుకున్నావు. నాయన కారు తలుపు నా చేత్తో నేనే వేసుకున్నాను.

గోస్పాడులో అదే పీట మీద జరిగి కుర్చీలోకి దిగాను. అంత జనంలో ఎవరూ నన్ను చూడలేదు. అందరూ పైకే చూస్తున్నారు. నేనూ తలెత్తాను. నా ముందు పడుకుని ఉలిదెబ్బలు తిన్న ముఖమేనా అది? పడుకోబెట్టినప్పుడు ఊరికే మూసినట్టున్న పెదవులు, కింది నుంచి చూస్తే నవ్వుతున్నాయి. ఆ నవ్వు నేను చెక్కలేదు బ్రహ్మం. చెక్కానేమో, నాకే తెలియదు. పక్కనున్న ముసలామె "ఎవరు చేసినారో గానీ, సామే వచ్చి నిలబడినాడు" అంది. "నేనే" అనబోయి మానుకున్నాను. అందరితో పాటు మొక్కాను.

ఆ నందిని ఎవరడిగినా అమ్మకు, డిక్కీలోనే ఉండనీ. నేను చెక్కి పంపినవాళ్ళు ఇంకా ఎన్నో ఊళ్ళలో నిలబడి ఉన్నారు. అందరినీ చూడాలి.

ఆదివారం నీకోసం వాకిట్లోనే కూర్చుని ఉంటా.

నీ అక్క,
సుజాత