నాన్నకు పంపిన సగం

అత్తా,

నాన్న ప్రాణానికి భయం లేదు.

నిన్న నాన్న బస్సు ఆపి, డ్రైవరు సీట్లోంచి లేవలేకపోయాడు. కండక్టరు ఎత్తి దించాడు. మూత్రం డికాక్షను రంగులో వచ్చింది. ఆసుపత్రిలో నువ్వు పంపే మాత్రలూ నాన్న మాత్రలూ చూసి డాక్టరు అదిరిపడ్డాడు.

"పేర్లే వేరు, రెండూ ఒకటే కొలెస్ట్రాల్ మందు! రెండూ మింగితే కండరాలు దెబ్బతిని మూత్రం రంగు మారదా?"

"చెల్లికి బాగా పనిచేసిందండీ. తనవాటిలో సగం నాకు పంపుతుంది," అని గొణిగాడు నాన్న.

"మరి ఆవిడేం వేసుకుంటోంది?"

అత్తా, గుండెకు స్టెంటు వేయించుకున్నదానివి, రోజు విడిచి రోజు వేసుకుంటున్నావా? భయపడి మొత్తానికే మానెయ్యకు; ఇవాళే నీ డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పు. జవాబు ఈ ఉత్తరం తెచ్చిన కండక్టరుకివ్వు. నాన్న తన కాళ్ల సంగతే మరిచి, "దాని గుండె ఎలా ఉందో కనుక్కోవే" అని నన్ను తరుముతున్నాడు.

నీ మేనకోడలు