గోదావరి రాళ్ల పొయ్యి

బావా, ఇంటెనక నువ్వు కట్టిన రాళ్ల పొయ్యి ముట్టియ్యకు. నువ్వు యూనియన్ గేటు మీటింగుకు పోయినంక, నీ మాటిని, అన్నం వండుదామని నేనే బొగ్గు రాజేసిన. గోదావరిల నుంచి తెచ్చిన తడి రాయి పేలి, పెంకు అత్తమ్మ కంటి పక్కన తాకింది. కన్ను దక్కింది, దవాఖానల కట్టు కట్టిచ్చిన.

"నీళ్లల్ల నానిన రాయి పేలుతది" అని నువ్వు కట్టేటప్పుడే చెప్తే, "లీడరమ్మా, రాళ్లకు గూడ ఉపన్యాసమా?" అన్నవ్. ఇప్పుడు నవ్వు.

ఆ రాళ్లన్నీ పారేసి, గట్టు మీది ఎండిన రాళ్లతో, దడికి దూరంగా, అడుగున ఇసుక పోసి కట్టు. పొద్దుగూకేలోపు సమ్మె టెంటుకు అన్నం పోవాలె. నేను రైల్ రోకోకు పోతున్న.

జమున

పోలీసులు నన్ను పట్టుకపోతే నా వెనుక ఉరికి రాకు. రాయి పేలంగనే అత్తమ్మ తన కంటి సంగతి అడగలేదు, "నా కొడుకు పొయ్యి కాడ లేడు గదా?" అన్నది. ముందుగాల ఆమెకు నీ ముఖం చూపియ్, తర్వాతే రాళ్లు ముట్టు.