మూడు గీతలు పడ్డ వాక్యం

అమ్మకు,

నీ కొడుకు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ పిన్ని, బాబాయి, నేను అందరం క్షేమం. నా కోపం కూడా క్షేమంగానే ఉంది, పూటకింత ఒళ్ళు చేస్తోంది. అక్కడ నువ్వూ బాగున్నావనే తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందే జవాబులు రాసేస్తాను, తర్వాత నాకు ఓపిక ఉండదు. పన్ను చూపించుకున్నాను. డాక్టరు పీకెయ్యాలన్నాడు, ఇంకో డాక్టరుకు చూపిస్తానని వచ్చేశాను. పిన్ని వంటింట్లో కప్పు కారే చోట బాబాయి ఏదో పూశాడు. ఇప్పుడు అక్కడ కారడం లేదు, పొయ్యి మీద కారుతోంది. ప్రెస్సులో ఫోర్‌మన్‌తో గొడవ పెట్టుకోవద్దన్నావు. నేను పెట్టుకోలేదు, ఆయనే పెట్టుకున్నాడు. బైండింగులో చెడిపోయిన కాగితాలు చెత్తబుట్టలోకి వెళ్ళకుండా నా సంచీలోకి వెళ్తున్నాయట. "చెత్త మీద కూడా మీకే హక్కా?" అని అడిగాను. రెండు రోజులు కటింగు మిషను దగ్గర నిలబెట్టాడు. నిలబెట్టనీ.

ఆ చెత్తేగా అమ్మా నా కాలేజీ! ఎవరెవరో అచ్చేయించుకున్న కరపత్రాలు. "శ్రామికులారా" అని మొదలై సగంలో తెగిపోతాయి. మిగతా సగం పక్క కాగితంలో ఉంటుంది, అది మంచిది గనక కట్టలో పోతుంది. తెగిన చోటు నుంచి నా అంతట నేనే ఊహించుకుని పూర్తి చేసుకునేవాణ్ణి. అలా నేర్చుకున్న విద్య నాది.

చివర్లో ఇంకోటి అడిగావు. కథలు రాయడం మొదలెట్టాక కోపం తగ్గిందా అని. తగ్గలేదు. ఆ సంగతే చెప్పబోతున్నాను.

కొత్తవాళ్ళ కథలు కావాలని ఒక పత్రిక ప్రకటన వేసింది. ఈ శుక్రవారం గడువు. నేనొకటి రాశాను. మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే తాత గురించి ఇదివరకు రాశాను కదా, పది మందికి చదివి వినిపించకుండా ఏదీ గడప దాటించకూడదని ఆయన సిద్ధాంతం. ఆదివారం పొద్దున సెలూను మేడ మీది గదిలో కూడతారు. తాత, పద్యాలు రాసే బస్సు కండక్టరు, ఒక లెక్కల టీచరమ్మ, ఇంకొకరు. ఆ ఇంకొకరి గురించి తర్వాత.

వాళ్ళకొక పద్ధతి ఉంది. కథ చదివినవాడు చదవడం అవగానే మూల స్టూలు మీద కూర్చోవాలి. తాత వాడి నోట్లో ఒక లవంగం పెడతాడు. అందరూ చెప్పేదాకా దాన్ని కొరక్కూడదు, నోరు తెరవకూడదు. విన్నవాళ్ళు ఒకే పెన్సిలు చేతులు మార్చుకుంటూ, ఎవరికి ఏ వాక్యం మీద నమ్మకం కలగలేదో దాని కింద ఒక గీత గీస్తారు. ఒక మనిషికి ఒకే గీత. నాలాంటి వాడికి ఇంతకంటే శిక్ష ఉందా? నువ్వే చెప్పు.

నా కథ కుట్టు ఫ్యాక్టరీ కథ. మధ్యాహ్నందాకా బాత్రూముకి తాళం వేసి ఉంచే ఫ్యాక్టరీ. ఒకరోజు లైను మొత్తం మిషన్లు ఆపి లేచి బయటికి నడిచింది. ఒక్కతి మాత్రం లేవలేదు.

నీకిప్పుడే అర్థమై ఉంటుంది. అయినా మొత్తం చదువు.

ముందు తాత అందుకున్నాడు. "ఇన్ని ఆశ్చర్యార్థకాలేంట్రా? పేజీ తిప్పితే చాలు, కర్రలు పట్టుకుని నిలబడ్డట్టున్నాయి. భయమేసి ఎవడూ లోపలికి రాడు."

టీచరమ్మ నెమ్మదిగానే అంది, అందుకే ఇంకా మండింది. "బాబూ, అందరికంటే ముందు లేచే ఆ అమ్మాయి బాత్రూముకి వెళ్ళాలి కదా. అర్జెంటు కదా. అలాంటప్పుడు 'శ్రమజీవుల ఆత్మగౌరవం' అని అంత పొడుగు మాట వస్తుందా నోట్లోంచి?"

అందరూ నవ్వారు. లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాను. అదైనా భరించాను. ఆ తర్వాత పెన్సిలు తిరిగింది. కాగితం నా చేతికొచ్చేసరికి ఒకే వాక్యం కింద మూడు గీతలు. "అందరూ లేచారు, ఆమె లేవలేదు."

"బస్సులో ఒకడు లేస్తే పదిమంది లేస్తారు తమ్ముడూ, స్టాపు రాకపోయినా," అన్నాడు కండక్టరు. "అంతమంది లేస్తుంటే ఒక్కతి కూర్చోవడమేంటి? నేను నమ్మను."

"కారణం చెప్పకుండా జవాబు వేశావు," అంది టీచరమ్మ. "నా దగ్గరైతే సున్నా."

అమ్మా, ఆ కథలో మేనేజరు ఉపన్యాసం నేను కల్పించాను. గేటు బయట జనం చప్పట్లు కల్పించాను. ఎర్రటి సూర్యుణ్ణి కూడా కల్పించాను, ఆ రోజు మబ్బు. అవన్నీ మింగేశారు. కల్పించని వాక్యం ఒకే ఒక్కటుంది, దాన్ని పట్టుకుని అబద్ధమన్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. లవంగం నమిలేశాను.

నువ్వు లేవలేదు. అది నిజం కాదా? నేను పదో తరగతిలో ఉన్నాను. తాళం తీయించుకుని మిగతావాళ్ళు నవ్వుకుంటూ వచ్చిన సాయంత్రం, మన తలుపు మాత్రం మూసి ఉంది. మర్నాడు బడిలో "మీ అమ్మకు కుర్చీకి జిగురు పూశార్రా?" అన్నాడొకడు. వాడి మీద పడ్డాను. నా పన్ను నీతో చెప్పినట్టు మెట్ల మీంచి జారి విరగలేదు. ఆ మాట దగ్గర విరిగింది. నువ్వు ఏమీ చెప్పలేదు. ఏడాది తిరక్కుండా వేరే ఊరి ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే పని దొరికిందని నన్ను పిన్ని దగ్గర వదిలి వెళ్ళిపోయావు. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు ఇంత మౌనంగా లేవు.

సరే. వారం రోజులు కూర్చుని కథ మళ్ళీ రాశాను. నమ్మరా, ఎలా నమ్మరో చూస్తాను అనుకున్నాను. మొన్న ఆదివారం రెండోసారి చదివాను. ఈసారి ఆ వాక్యం కింద ఒక్క గీత పడలేదు. "ఇప్పుడు కుదిరింది," అన్నాడు కండక్టరు. టీచరమ్మ తలూపింది. తాత కవరు తీసుకుని పత్రిక అడ్రసు రాయడం మొదలెట్టాడు. పోటీలో గెలిచినట్టే ఉంది నాకు.

ఇక అసలు చోటికొచ్చాను. ఇంతసేపూ దాటేస్తూ వచ్చిన మాట ఇదే. ఆ వాక్యం నమ్మించడానికి దాని పక్కన నేను ఇంకో వాక్యం రాశాను. "ముందురోజే ఆమెకు సూపర్‌వైజరు కుర్చీ ఇస్తామన్నారు." అంతే. తెగిన కరపత్రాన్ని పూర్తి చేసినట్టు నిన్ను పూర్తి చేశాను. చదివి వినిపించాను, పైకి, గట్టిగా.

ఆ గదిలో ఇంకొకరున్నారన్నాను కదా. బొత్తాలత్త. నీ పక్క మిషను మీద కుట్టిన అత్తే. ఆదివారం కూడా చొక్కాల సంచీ తెచ్చుకుని బొత్తాలు కుడుతూ వింటుంది. "నేను గీతలు గీసే మనిషిని కాను, నా చెవులు మటుకు మీవే," అంటుంది. మొదటిసారి చదివినప్పుడు తలెత్తలేదు. ఈసారి కుర్చీ మాట రాగానే కుట్టు ఆపేసింది. తాత కవరు తియ్యగానే దారం పంటితో తెంపి, సంచీ భుజానేసుకుని మెట్లు దిగిపోయింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"మధ్యలో వెళ్ళిపోతున్నావేంటత్తా?"

"మధ్యలో ఎక్కడరా? అంతా అయిపోజేశావుగా."

"ఏమైందో చెప్పు."

"మీ అమ్మతో మాటలు మానేసినవాళ్ళు ఈ వీధిలో ఉన్నారు. నేనూ కొన్నాళ్ళు మానేశా. కుళాయి దగ్గర తన బిందె పక్కకు జరిపినవాళ్ళున్నారు. కానీ అమ్ముడుపోయిందని మాత్రం ఒక్క నోరూ అనలేదు. ఆ మాటకి కన్నకొడుకు పుట్టాల్సొచ్చింది."

"అది కథత్తా! కల్పన!"

"ఏది కల్పన? ఆ దగ్గు మీ అమ్మది. ముక్కు మీంచి జారే కళ్ళద్దాలు మీ అమ్మవి. మిషనుకి కట్టుకున్న నీలం గుడ్డ నేనిచ్చిందే. అన్నీ ఉన్నవే పెట్టి, కుర్చీ ఒక్కటే లేనిదని వినేవాళ్ళకి ఎవరు చెప్తార్రా?"

దారికి అడ్డం నిలబడ్డాను. ఊరుకుంటానా? "అయితే ఎందుకు లేవలేదో నువ్వు చెప్పు," అన్నాను.

"నాకు తెలీదు."

"పక్కనే ఉన్నావుగా!"

"ఉన్నా. అందరితో పాటే మిషను ఆపింది. రెండు చేతులూ బల్లకి ఆనించి సగం లేచింది. తలుపు వైపు చూసింది. మళ్ళీ కూర్చుంది. నేను వెళ్ళిపోయా."

"తర్వాతైనా అడగలేదా?"

"చెప్పాలనిపిస్తే తనే చెప్పేది కదా," అని సంచీ ఎగదోసుకుని వెళ్ళిపోయింది.

ఏం మనుషులమ్మా మీరు! అడిగితే నొచ్చుకుంటారని ఒకరు అడగరు, అడగలేదుగా అని ఒకరు చెప్పరు. దాన్ని మర్యాద అనుకుంటారు. మధ్యలో పిల్లలు పళ్ళు విరగ్గొట్టుకోవాలి, కథలు అల్లుకోవాలి. బిందెలు జరిపినవాళ్ళ మీద కోపమొచ్చింది, అత్త మీద వచ్చింది, నీమీద అందరికంటే ఎక్కువ వచ్చింది. అన్నిటి కిందా నా మీద వచ్చింది, అది మాత్రం దిగడం లేదు.

మళ్ళీ మేడెక్కాను. స్టూలు దగ్గరకి పోలేదు, లవంగం ఉమ్మేశాను. "ఆవిడ మా అమ్మ," అన్నాను. "కుర్చీ అబద్ధం. నేను పుట్టించాను."

టీచరమ్మే అడిగింది, "మరి అసలు కారణం?"

"తెలీదు."

"పోనీలే తమ్ముడూ, కుర్చీ ఉండనీ," అన్నాడు కండక్టరు. "కథకి దిట్టంగా కుదిరింది. మీ అమ్మేమన్నా ఇది చదవబోతుందా, చెప్పు?"

ఆయన కాలరు నా గుప్పిట్లో ఉందని చినిగిన చప్పుడు వినేదాకా నాకే తెలియలేదు. తాత లేవనైనా లేవలేదు. కూర్చున్న చోటు నుంచే అన్నాడు, "చొక్కా వదలరా. నువ్వు చేసిందే వాడు పైకన్నాడు."

వదిలేశాను. ఆ చినిగిన కాలరు బొత్తాలత్తే కుట్టి పెట్టిందట, నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. తాత ఆ కవరు నాకే ఇచ్చాడు. కథ ఏం చేసుకుంటావో నీ ఇష్టం అన్నాడు.

ఆ కథ దీంతో పాటే పెడుతున్నాను. కుర్చీ వాక్యం కొట్టెయ్యలేదు. దిద్దినట్టు కనిపించి నేను మంచివాణ్ణైపోవడం నాకు ఇష్టం లేదు. నా రాతలో, నేను అన్నది అన్నట్టు నువ్వు చదవాలి. చదివి తిట్టు. నీ దాకా రాకముందే నలుగురు విన్నారు, అది నేను వెనక్కి తీసుకోలేను.

కానీ నేను అడిగేది కూడా అడుగుతాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదట, నేనూ అడగలేదు. సగం లేచినదానివి మళ్ళీ ఎందుకు కూర్చున్నావమ్మా?

నాకు నచ్చే జవాబు వెతక్కు. కరపత్రాల్లో అందరూ లేస్తారు, సగం లేచి కూర్చున్నవాళ్ళ ఊసు నేను చదివిన ఒక్క కాగితంలోనూ లేదు. భయమేస్తే భయమేసిందని రాయి. వాళ్ళ మీద కోపమొస్తే అదే రాయి. నా కోసమని మాత్రం రాయకు, నిజంగా నా కోసమైతే తప్ప. చెప్పనంటే, చెప్పనని రాయి. ఆ ఒక్క ముక్కైనా నీ చేత్తో రాసింది కావాలి నాకు.

ఇది నీకు చేరేసరికే శుక్రవారం వెళ్ళిపోతుంది. పత్రికవాళ్ళు నాకోసం ఆగరు. ఆగకపోనీ. నువ్వు రాసేదాకా ఆ కథ ఎక్కడికీ కదలదు. జవాబు ఇంటికి కాకుండా ప్రెస్సుకి రాయి, ఇంటికొస్తే పిన్ని నాకంటే ముందు విప్పుతుంది.

ఇట్లు,
అనరాని మాట అనేసి, ఇంకా నీమీద కోపంగానే ఉన్న
నీ కొడుకు