నౌపడలో మొదటి మేడ

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మనిద్దరం సొంతంగా పెడదామనుకున్న సోలార్ పని ఈరోజు నేనొక్కడినే మొదలుపెట్టాను, నౌపడలో ఒక ముసలమ్మ మేడ మీద. ప్యానెళ్లు ఆమే కొనుక్కుంది. నా పెట్టుబడంతా నీ డ్రిల్లింగ్ మిషనే. "ఉప్పుగాలికి ఇనప బోల్టు ఆగదురా" అనేవాడివి కదా, స్టీలువే బిగించాను.

ఎక్కడ పనిచేసినా నేను పైన వైర్లు కలిపేవాణ్ణి, నువ్వు కింద ఇన్వర్టర్ దగ్గర నిలబడేవాడివి. ఇవాళ కూడా వైర్లు కలిపి, అలవాటుగా కిందికి కేకేశాను.

"బావా, లైటెలిగిందేటి?"

"ఇక్కడ బావెవులూ నేరు బాబూ, నానే ఉన్నాను" అంది ముసలమ్మ. "పచ్చలైటు ఎలిగింది. ఇంక దిగు."

దిగితే నువ్వుండవు. బిగించిన బోల్టులే మళ్లీ బిగిస్తూ మేడ మీదే ఉండిపోయాను.