నీ పేరు పిలిచినప్పుడు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
18 జూన్ 1964, గురువారం

గౌరవనీయులైన నూకయ్య గారికి,

సొలొమోను వందనాలు. ప్రభువు కృప వలన నేను, రూతు ఇక్కడ క్షేమంగా ఉన్నాము. రంగూన్‌లో మీరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఇంతవరకు మర్యాదగా రాశాను. ఇక నావల్ల కాదు. పద్దెనిమిదేళ్లుగా మాటల్లేవు కదా, "మీరు" అంటే పెద్దరికంగా ఉంటుందనుకున్నాను. కానీ ఒకే పొట్లంలో ఝాల్‌ముడి మరమరాలు పంచుకుని తిన్నవాడిని మీరు అంటుంటే నాకే నవ్వొస్తోంది. ఒరే నూకయ్యా, ఎలా ఉన్నావురా?

మొన్న శనివారం దాలమ్మ అని ఒకావిడ వచ్చింది. నీ గోడ పక్కన నేనున్న పాత క్వార్టర్లో ఇప్పుడు వాళ్లే ఉంటున్నారు. చేతిలో ఢిల్లీ సర్కారు కవరు. "అన్నియ్యా, నీ పేరున ఏటో కాయితం వొచ్చింది, నాకు బయమేసింది" అంది. నాకూ భయమే వేసింది. విప్పి చూస్తే విదేశాంగ శాఖ వాళ్ల ఫారం. రంగూన్‌లో ఉన్న మనవాళ్లకు ఆపద వస్తే ఇక్కడ ఎవరికి కబురు చేయాలో, ఓడ దిగాక ఎవరు తీసుకువెళ్తారో రాసే ఫారమట. అందులో నీ పేరు, నీ పేరు కింద నా పేరు, నా పాత క్వార్టరు నంబరు. నువ్వు వెళ్లాక నేను రెండు ఇళ్లు మారానని నీకెలా తెలుస్తుంది? సంబంధం అన్నచోట "తోటి ఫిట్టరు" అని రాయించావు. అది మళ్లీ మళ్లీ చదివాను.

అదృష్టం కొద్దీ రూతు తమ్ముడు సుందర్ రాజు సెలవు మీద ఇక్కడే ఉన్నాడు. నువ్వు ఎరిగినప్పుడు వాడికి పలకా బలపం. ఇప్పుడు ఢిల్లీలో ఆ శాఖలోనే గుమాస్తా. ఇదేమిటిరా అని ఫారం చూపిస్తే, విస్తరి ముందు కూర్చుని చేయి ఎండిపోయేదాకా చెప్పాడు. అక్కడ దుకాణాలు సర్కారు స్వాధీనం కాకముందు నుంచే వీళ్లు లెక్కలు మొదలుపెట్టారట. వీధికొక పెద్దమనిషిని ఎంచుకున్నారు. ఏ ఇంట్లో పసిపిల్లలున్నారు, ఎవరు నడవలేరు, ఎవరు ఒంటరి, అంతా అతని దగ్గర రాసి ఉంటుందట. కబురు రాగానే ఫలానా బడి దగ్గర చేరాలని ముందే చెప్పి, అప్పుడప్పుడు పిలిచి హాజరు చూస్తారట. ఆ జాబితా నకలు ఒకటి ఢిల్లీలో, ఒకటి విశాఖ రేవులో. ఓడ ఆగేసరికి రేవులో పాలు, దుప్పట్లు, తెలుగు మాట్లాడే గుమాస్తా, రైలు పెట్టెలు సిద్ధంగా ఉండాలట.

విని నేను నవ్వాను. ఇది మన రిలీఫ్ ట్రెయినే కదరా అన్నాను. వాడికి తెలియదు, చెప్పాల్సి వచ్చింది. రైలు ప్రమాదం ఎక్కడ జరుగుతుందో, ఎప్పుడు జరుగుతుందో ఎవరికీ తెలియదు. అయినా బండి సైడింగులో తయారుగా ఉండాలి. ప్రతి సోమవారం లాంతర్లలో కిరసనాయిలు చూడాలి, స్ట్రెచర్ల గుడ్డ దులపాలి, జాకీలకు గ్రీజు పెట్టాలి. ఎవరి పని ఏమిటో పెట్టె లోపల పెయింటుతో రాసి ఉండేది. జాకీలు సొలొమోను, గొలుసులు నూకయ్య. ఇప్పుడు పెట్టెలు మారాయి, ఆ రాత లేదు.

ప్రమాదం జరిగినట్టు ఉత్తుత్తి హూటరు కొట్టి మనల్ని పరీక్షించేవాళ్లు, గుర్తుందా? ఒకసారి నువ్వు సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురగతో పరుగెత్తుకొచ్చావు. అందరికంటే ముందు చేరావని దొర మెచ్చుకుంటే ఆ నురగతోనే సలాం కొట్టావు. వంటపెట్టెలో మిగిలిన పూరీలు మనిద్దరం పట్టాల పక్కన కూర్చుని తినేవాళ్లం. తరవాత చాలా మందితో పనిచేశాను రా. గొలుసు బిగించేటప్పుడు నీలాగా పాట పాడేవాడు మళ్లీ దొరకలేదు.

అసలు సంగతికి వస్తాను. ఫారం వెనక ఒక చీటీ అంటించి ఉంది. జూలై రెండో వారం ఓడకు నీ పేరు రాశారట. నువ్వు మాత్రం రెండుసార్లు పిలిచినా బడి దగ్గరికి రాలేదట. వీధి పెద్దమనిషి ఇంటికొచ్చి అడిగితే, హూటరు మోగితే దాక్కున్నాడని నన్ను వెళ్లగొట్టిన ఊరది, ఏ ముఖం పెట్టుకుని వెళ్లను అన్నావట. మూడోసారీ రాకపోతే నీ చోటు ఇంకొకరికి ఇస్తారు, తరవాతి ఓడ ఎప్పుడో తెలియదు. అందుకని ఇంటివాళ్లు నచ్చజెప్పి ఉత్తరం రాయాలని చీటీలో ఉంది. దుకాణం పోయింది, భార్య పోయింది, అక్కడ ఒక్కడివీ ఎవరి కోసం కూర్చున్నావు?

ఆ ఆదివారం సంగతి ఇంకా మోస్తున్నావన్నమాట. ఇంటింటికీ వచ్చి డ్యూటీకి పిలిచే కాల్‌మ్యాన్ దేముడి పుస్తకంలో కబురు అందినట్టు నీ సంతకం ఉంది, రిలీఫ్ బండిలో నువ్వు లేవు. నేను ఇంట్లోనే లేను, సంతకం నాది కాదు అన్నావు, ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం తీసేశారు. నాకు చెప్పకుండానే రంగూన్ వెళ్లిపోయావు. అప్పుడు నేనేం చేయగలను చెప్పు, ఇద్దరు పిల్లల తండ్రిని. అదంతా ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. జరిగిందేదో జరిగిపోయింది.

ఫారం నింపాను. నిన్ను తీసుకువెళ్లేవాడిని నేనేనని రాశాను. "తోటి ఫిట్టరు" కొట్టేసి "తమ్ముడు" అని పెట్టాను. రూతు నీకోసం వెనక గది ఖాళీ చేస్తోంది. ఒక్క సంచితో బయల్దేరు.

ఇట్లు,
నీ సొలొమోను

తా.క. 21 జూన్, ఆదివారం.

ఉత్తరం అతికించబోతుంటే రూతు చదవమంది. చదివాను. విని, బియ్యం చేట పక్కన పెట్టి ఇలా అంది. "అంతా రాసినావు. ఆడు ఓడెక్కడానికి కావలసిన ముక్క మాత్రం రాయనేదు. ఆ మద్దేనం నాను కిటికీకాడే ఉన్నాను. సూడనేదనుకున్నావేటి?"

పద్దెనిమిదేళ్లు ఒకే కప్పు కింద ఉండీ ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

ఇక రాస్తున్నాను. పుస్తకంలో సంతకం నాది. పక్కింటివాడు లేకపోతే వాడి బదులు సంతకం పెట్టి, పరుగెత్తి కబురు చెప్పడం మనందరికీ అలవాటే. తప్పని తెలిసీ అందరం చేసేవాళ్లం. నువ్వు మలంచా అవతలి చెరువుకు చేపలకు వెళ్లావని నాకు తెలుసు. నీ పేరున పెట్టాను, నా పేరున పెట్టాను. సైకిలు తీశాను కూడా. చెరువు దాకా వస్తే నాకూ బండి తప్పిపోతుందనిపించింది. హూటరు నీకు వినబడుతుందిలే అనుకుని సైకిలు బండి వైపు తిప్పాను. విచారణలో అడిగితే నాకేం తెలియదన్నాను. నా రాత నువ్వు గుర్తుపట్టే ఉంటావు. అయినా నా పేరు చెప్పలేదు. అది తలుచుకుంటే నాకు సిగ్గుగా ఉంది రా.

ఈరోజు ఆరాధన అయ్యాక అందరూ ఉండగానే లేచి ఇదంతా చెప్పాను. అక్కడి నుంచి కాల్‌మ్యాన్ దేముడి ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చున్న పాతవాళ్ల ముందు మళ్లీ చెప్పాను.  ముసలి దేముడు కర్ర పట్టుకుని లేచాడు. "పుస్తకం సాపి నీ సేత ఆడి సంతకం ఎట్టించినోడ్ని నానే. ఆడొస్తే ముందు నాను దణ్ణం ఎడతాను" అన్నాడు. రేపు ఆఫీసులో కూడా రాసి ఇస్తాను. ఏం చేస్తారో చేయనీ.

సుందర్ రాజు రేపు ఢిల్లీ వెళ్తున్నాడు. ఈ ఉత్తరం శాఖ వాళ్ల సంచీలో నీకు చేరుతుంది. విశాఖకు పాసు రాయించుకున్నాను, ఓడ వచ్చేసరికి రేవులో ఉంటాను. ఇక మిగిలింది నీ పని. ఆ బడి దగ్గర నీ పేరు పిలిచినప్పుడు నువ్వే పలుకు, నీ సంతకం నువ్వే పెట్టు. నీ బదులు నేను పెట్టను.